సగం దారిలో బెల్లం

నా ఎడమకాలికి ఊతగా వేసుకునే ఇనుప కాలిపర్‌కు ఉండే తోలు పట్టీ ఏడాదికొకసారి తెగుతుంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నంద్యాల బస్టాండు వెనక సందులో చెప్పులు కుట్టే ఆయన దగ్గర పీట మీద కూర్చుని దాన్ని మార్పించుకుంటున్నాను. కొత్త తోలు బిరుసుగా ఉందని ఆయన ఒక గుడ్డపేలికను ఆముదంలో ముంచి పట్టీకి పట్టించాడు. ఎండకు వేడెక్కిన తోలు, ఆముదం కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలేసరికి నడుం నిటారుగా చేసుకుని, భుజాలు వదులు చేసుకుని కూర్చున్నాను. ఎవరూ చెప్పకుండానే. అది దస్తగిరి చిన్నాయన ఇంటి వసారాలో గోడకు వేలాడే జీను వాసన. ఆయన పోయి నాలుగేళ్లయింది. మా మధ్య రక్తసంబంధం ఏమీ లేదు. ఆయన సాయిబు, మేము క్రైస్తవులం. వీధిలో అందరూ చిన్నాయనా అని పిలిచేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. పొట్టి మనిషి, బక్క మనిషి, మాట మాత్రం మొరటు. ఎవరినైనా మెచ్చుకుంటే ఆ రోజుకి పాపం చుట్టుకుంటుందన్నట్టు ఉండేవాడు. ముప్ఫై ఏళ్లు దాటాక నాకు నడవడం నేర్పింది ఆయనే. కాళ్లతో కాదు.

నాకు రెండో ఏట పోలియో వచ్చింది. కాలు బాగాలేనివాళ్లు నిదానంగా ఉంటారని లోకం అనుకుంటుంది. నన్ను చూసినవాళ్లు ఆ మాట అనరు. నాకోసం ఎవరూ ఆగకూడదు, నావల్ల ఎవరికీ ఆలస్యం కాకూడదు అన్నది చిన్నప్పటి నుంచి నా పంతం. అందుకని అందరికంటే అరగంట ముందు బయల్దేరి అందరికంటే ముందే చేరేదాన్ని. అన్నం గబగబా, మాట గబగబా. పరీక్షల్లో అందరికంటే ముందు పేపరిచ్చి బయటికొచ్చి, వెనక పేజీ రాయనేలేదని బయటికొచ్చాక గుర్తుచేసుకునేదాన్ని. సంతలో వెనకనుంచి ఎవరైనా హారన్ కొడితే గుండె గొంతులోకొచ్చి, ఉన్న ఒక్క మంచి కాలి మీద ఎగిరి పక్కకు దూకేదాన్ని. దీన్నే నేను చురుకుదనం అనుకున్నాను. మా నాయన కూడా అలాగే అనుకున్నాడు, పాపం.

టీచరుగా నన్ను వేసిన ఊరు వాగొడ్డుపల్లె. రుద్రవరంలో గది తీసుకుని ఉండేదాన్ని. అక్కడి నుంచి బడికి ఐదు కిలోమీటర్ల మట్టిదారి. ఎండాకాలం ఆటో పోతుంది. వాన పడిందంటే అంతా నల్లరేగడి బురద. బైకు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బంకమట్టి కరుచుకుని చక్రం తిరగదు. మంచి కాళ్లున్నవాళ్లకే చెప్పులు ఊడిపోయే దారిలో, కాలిపర్ వేసుకున్న కాలు ఒకసారి దిగబడితే ఇద్దరు మనుషులు పట్టి లాగాల్సిందే. మొదటి వానాకాలం నేను పదకొండు రోజులు బడికి పోలేకపోయాను. వెంటనే పై అధికారి దగ్గర నుంచి కాగితం వచ్చింది. పిల్లలు పంతొమ్మిది మందే ఉన్నారు, వానల్లో టీచరు రావడం లేదు, కనుక ఈ బడిని వాగు అవతలి ఊరి బడిలో కలిపితే సరిపోతుంది కదా అని. ఆ వాగు పారితే పెద్దవాళ్లే దాటరు. బడి అటు పోతే మగపిల్లల్ని ఎలాగో పంపుతారు, ఆడపిల్లలు మాత్రం ఇంట్లో ఉండిపోతారు. పైగా సలోమి టీచరు రాలేకపోయింది గనుక బడి మూశారు అని ఆ ఊళ్లో ఎప్పటికీ చెప్పుకుంటారు.

మా వీధి చివర దస్తగిరి చిన్నాయన కూతురింట్లో ఉండేవాడు. నంద్యాల రైల్వేస్టేషన్ దగ్గర ముప్ఫై ఏళ్లు జట్కా తోలిన మనిషి. ఆటోలొచ్చి జట్కాలు పోయాక రుద్రవరం వచ్చేశాడు గాని, గుర్రం లేకుండా ఉండలేకపోయాడు. ఆయన వాకిట్లో కట్టేసి ఉన్న గోధుమరంగు ఆడగుర్రం పేరు బిజిలి. అది కొన్నాళ్లు బెంగళూరులో పందేల్లో పరుగెత్తిందట. అక్కడ పనికిరాదన్నాక ఆళ్లగడ్డలో పెళ్లి బ్యాండు నడిపే ఒకాయన పెళ్లికొడుకుల్ని ఊరేగించే మెరవణికని తెచ్చుకున్నాడు. మొదటి పెళ్లిలోనే అది బ్యాండును, బంధువుల్ని, పెట్రోమాక్సు దీపాల్ని దాటుకుని పెళ్లికొడుకుతో సహా పెళ్లిమండపం కూడా దాటిపోయి బస్టాండులో కడప బస్సు పక్కన ఆగింది. మూడో పెళ్లికి ఆ బ్యాండాయన చేతులెత్తేసి, తోలుకుపొమ్మని చిన్నాయనకు ఊరికే ఇచ్చేశాడు. ఇది ఊరంతా చెప్పుకుని నవ్వే కథ. బురదలో చక్రం పోదు గాని గిట్ట పోతుందని నాకు తట్టింది ఆ కథ విన్నప్పుడే. పోయి అడిగాను. ఆయన నా కాలి వంక చూడలేదు, నా మొహం వంక చూశాడు.

"యాడికి పోవాలని అంత తొందర పాపా నీకు?"

బడికి అన్నాను. అది నాకు తెల్సులే అని, గుర్రాన్ని చూపించి, నువ్వూ అదీ ఒకటే జాతి, ఇద్దరినీ కలిపితే ఎవరు ఎవర్ని పడేస్తారో చూడాల అన్నాడు. ఇస్తానన్నట్టా, ఇవ్వనన్నట్టా అని అడిగితే, రేపు పొద్దున దిద్దాల్సిన నోటుపుస్తకాలన్నీ తీసుకుని రా అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. మరుసటి రోజు పంతొమ్మిది మంది లెక్కల పుస్తకాలతో పోయాను. అరుగు పక్కన బిజిలిని నిలబెట్టి, కుడివైపు నుంచి నన్ను ఎక్కించాడు. జీనులో నడుం ఆనిందో లేదో అది బయల్దేరింది. రెండడుగుల్లోనే ఆయన కళ్లెం పట్టి తిప్పి మళ్లీ అరుగు దగ్గర నిలబెట్టాడు. ఎర్రపెన్ను నా చేతికిచ్చి, దిద్దు అన్నాడు. గుర్రం మీదా అంటే, గుర్రం మీదే, నువ్వు పైన కూర్చుంటే పోవాల్సిందేనని దానికి ఎవరో నేర్పినారు, ఊరికే కూర్చునే పని గూడా ఉంటాదని అది చూడాల అన్నాడు. ఆ మొదటి రోజు నేను దిద్దిన పుస్తకాల్లో ఒక్క టిక్కు మార్కు కూడా సరిగా లేదు. కూడికల మీదుగా ఎర్రగీతలు మార్జిన్ దాకా పాకాయి. ఎందుకు టీచర్, మా లెక్కలన్నీ కొట్టేసినారు అని పిల్లలు బడిలో అడిగారు. వారం గడిచేసరికి టిక్కులు టిక్కుల్లా పడ్డాయి. పదో రోజు ఒక పుస్తకంలో భాగహారం తప్పెక్కడుందో వెతుకుతూ నేను గుర్రం సంగతే మర్చిపోయాను. తల ఎత్తి చూస్తే బిజిలి ఒక వెనక కాలు వదులు చేసి, కింది పెదవి వేలాడేసి కునుకు తీస్తోంది. చిన్నాయన బీడీ ముట్టించుకుంటూ, ఇప్పుడు గుర్రమెక్కినావు అన్నాడు.

నడక మొదలుపెట్టాక అసలు తిప్పలు మొదలయ్యాయి. బిజిలి పొగరుది కాదు. కరవదు, తన్నదు. పోవాలి, అంతే. దానికి పోవడమంటే అంత ఇష్టం. నడక నుంచి దుడుకు అడుగుకు, అక్కడి నుంచి పరుగుకు మూడు క్షణాలు పట్టేది. ఎడమకాలితో పట్టుకునే బలం నాకు లేదు. అది నడిచినంతసేపే నేను దాని మీద ఉండగలను. పరుగెత్తితే పడతాను. కనుక రెండు పగ్గాలూ బిగించి, వెనక్కి వాలి, నా బలమంతా పెట్టి లాగేదాన్ని. నేను లాగేకొద్దీ అది మెడ చాచి ముందుకు లాగేది. ఇంటికొచ్చేసరికి నా అరచేతులు బొబ్బలెక్కేవి. చిన్నాయన ఆ బొబ్బలు చూసి జాలిపడతాడనుకున్నాను.

"నువ్వు ఇడ్సకుండా లాగుతాంటే అది లాగక ఏం చేస్తాది? పట్టు, ఇడ్సు. మళ్లా పట్టు, ఇడ్సు. నీ ఊపిరి గూడా ఇడ్సు పాపా, బిగబట్టుకోని సస్తాండావ్."

వదిలితే పోతుంది కదా అని నేను వాదించాను. పోతే గుండ్రంగా తిప్పమన్నాడు, తొందరపడిన ప్రతిసారీ ఒక చుట్టు, తొందరపడితే యాడికీ పోలేమని దానికే తెలుస్తాది అని. వదిలేయడం నాకు ఎంత కష్టమైందో మాటల్లో చెప్పలేను. పట్టుకోవడమే బతుకనుకున్న మనిషిని నేను. వేళ్లు తెరవమంటే గుండె తెరుచుకుని పడిపోతుందేమోనన్నంత భయం. అయినా చేశాను. చేల గెనాల పక్కన, బీళ్లలో, కోసిన జొన్నచేలల్లో చుట్లు తిరిగాను. చేలల్లో పని చేసే ఆడవాళ్లు టీచరమ్మ గానుగ ఆడుతాంది అని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. మెల్లగా బిజిలి చెవి ఒకటి వెనక్కి, నా వైపుకి తిరగడం మొదలుపెట్టింది.

అంతా సర్దుకుందనుకున్నాక, మరుసటి ఏడు వానాకాలం మొదట్లో ఒక పొద్దున బడికి పోతూ పడ్డాను. దారి సగం దాటిందో లేదో బిజిలి ఒక్క ఊపున పరుగు అందుకుంది. పట్టడం, వదలడం, చుట్టు తిప్పడం ఏదీ పనిచేయలేదు. బురద మెత్తగా ఉండబట్టి ఎముకలు మిగిలాయి. తల నుంచి కాలిదాకా నల్లమట్టి పూసుకుని నేను కూర్చుని ఉంటే, అది నన్నొదిలేసి బడికి పోయి, వాకిట్లో పిల్లల చేతుల్లో బెల్లం తింటోందట. గేదెలు తోలుకొచ్చే ఒకావిడ నన్ను లేపి ఊళ్లోకి తీసుకెళ్లింది. ఆ సాయంత్రం చిన్నాయన ముందు నిలబడి, ఇక నావల్ల కాదు, బడి పోతే పోనీ అని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. బడికాడ దానికేం పెడతారు అని అడిగాడు. పిల్లలు బెల్లం పెడతారు అన్నాను. పోగానే పెడతారా అన్నాడు. అవును, మన వాకిట్లోకి ఎవరొచ్చినా రాగానే ఏదో ఒకటి పెట్టకుండా ఉంటామా అన్నాను. మరి ఈడికొస్తే అన్నాడు. నేనే ఉలవ గుగ్గిళ్లు పెడతాను, పాపం అలిసి వస్తుంది కదా అన్నాను. ఆయన వేలితో అటూ ఇటూ చూపించాడు.

"ఆ తట్టు బెల్లం, ఈ తట్టు గుగ్గిళ్లు. నడుమ ఏముండాది? నువ్వు. నువ్వెంత బరువుంటే మాత్రం నీ కోసం ఆగుతాదా అది?"

మా ఆప్యాయతే దానికి పరుగు నేర్పిందని అప్పుడు అర్థమైంది. చేరడంలోనే సుఖమంతా పెట్టి, దారిలో ఏమీ లేకుండా చేశాం. ఆయన పెట్టిన చట్టం ఇది. రెండు తట్లా పోగానే ఏమీ పెట్టకూడదు. గుమ్మంలో అరగంట ఊరికే నిలబడాలి. సగం దారిలో, పాత గనివాళ్లు పడేసిపోయిన నాపరాళ్ల కుప్ప దగ్గర ఆగాలి. తీపి ఏదైనా అక్కడే. నేను కూడా దిగి, రాయి మీద కూర్చుని, పని లేకుండా పావుగంట గడపాలి. పావుగంట ఊరికే పోతుందే అని నాకు ఒళ్లు మండింది. పిల్లలకు ఇంకా మండింది. బెల్లం పెట్టొద్దంటే వాళ్లకు నేనే శత్రువునయ్యాను. కాని నాలుగు వారాల్లో బిజిలి నడక మారింది. నాపరాళ్ల దాకా అది ఎదురుచూసుకుంటూ, మెడ దించుకుని నడిచేది. అక్కడి నుంచి ముందుకు పోయినా గుమ్మంలో ఒరిగేదేమీ లేదు గనుక మరింత నిదానంగా నడిచేది. ఇంకో వింత ఏమిటంటే, ఆ రాళ్ల మీద కూర్చున్న పావుగంటలోనే మొదటిసారి నేను ఆ దారిని చూశాను. తూర్పున నల్లమల కొండల మీద మబ్బు దిగడం, కందిచేలల్లో పిట్టలు. ఏడాది నుంచి పోతున్న దారి అది.

ఆ వానాకాలం నడిమధ్యలో, మూడు రోజుల ముసురు తర్వాత ఒక పొద్దున నేను బడికి పోతుంటే, నాపరాళ్లకు కాస్త ఇవతల ఒక జీపు బురదలో ఇరుక్కుని కనిపించింది. పక్కన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, బూట్లు చేతిలో పట్టుకుని నిలబడిన మనిషిని దూరం నుంచే గుర్తుపట్టాను. కాగితం పంపిన అధికారి. గంట కొట్టే వేళకు టీచరు ఉందో లేదో చూసుకుందామని చెప్పకుండా వచ్చాడు. ఆయన్ని ఇక్కడే వదిలేసి ముందు నేను చేరిపోతే చాలు, గంట కొట్టి గుమ్మంలో నిలబడితే చాలు అనిపించింది. ఆ ఆలోచన నాలో పూర్తి కాకముందే బిజిలి మెడ చాచింది. నా తొందర దానికి అప్పుడే చేరిపోయింది. చూసుకుంటే పగ్గాలు నా రెండు పిడికిళ్లలో బిగిసి ఉన్నాయి. వేళ్లు వదులు చేశాను. ఊపిరి వదిలాను. ఒక చుట్టు తిప్పాను, అధికారి చూస్తుండగానే, ఏమనుకుంటే అది అనుకోనీ అని. రెండో చుట్టు సగంలో బిజిలి మెడ దించింది.

జీపు పక్కకు చేరేసరికి డ్రైవరు గట్టిగా యాక్సిలేటరు తొక్కాడు. చక్రం గిర్రున తిరిగి పిడచలు పిడచలుగా బురద వచ్చి బిజిలి పక్కటెముకల మీద పడింది. అది ఒక్క అడుగు పక్కకు వేసి ఆగింది. అంతే, ఆగింది. బ్యాండు మేళాన్ని దాటి పెళ్లికొడుకుని బస్టాండులో దించిన గుర్రం అది.

అధికారి నన్ను కిందినుంచి పైదాకా చూసి, టీచరు మీరేనా అన్నాడు. అవునన్నాను. తనెలా రావాలో అడిగాడు. నేను కాలు పెట్టిన ఈ రికాబు తోలు పట్టుకుని పక్కన నడవండి సార్, అది మిమ్మల్ని లాగదు అని చెప్పాను. ఆయన భారీ మనిషి. పది అడుగులకొకసారి కాలు దిగబడేది. ఆయన ఆగితే బిజిలి ఆగింది. ఆయన కాలు పీక్కుంటే నడిచింది. నాపరాళ్ల దగ్గర అలవాటు ప్రకారం నిలబడిపోయింది. టైమవుతుందేమో అన్నాడాయన, గడియారం చూసుకుంటూ.

"ఈడ ఆగాల సార్. ఆగితేనే అది తర్వాత నడుస్తాది," అన్నాను.

బిజిలికి బెల్లం పెట్టాను. ఆయన రాయి మీద కూలబడి రొప్పుతున్నాడు. ఒక ముక్క ఆయనకీ ఇచ్చాను. చేతిలో బురద చూసుకుని, చొక్కాకు తుడుచుకుని, తిన్నాడు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా బడి వాకిట్లోకి పోయాం. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు, వాళ్ల వెనక తల్లులు కూడా. అందరూ ఆయన కాళ్ల వంకే చూశారు. గంట నేనే కొట్టాను. ఆయన సాయంత్రం దాకా ఉండి, పిల్లల చేత చదివించి, పోయే ముందు సందర్శకుల పుస్తకంలో రెండు వాక్యాలు రాశాడు. ఈ బడి ఇక్కడే ఉండాలి. దీనికి దారి వేయాలి. ఆయన్ని ఎద్దులబండి మీద పంపించాక ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు చదువుకుని తలుపు చాటున ఏడ్చాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

పరుగున వచ్చి చెప్పాల్సిన కబురు. బిజిలి రోజూ వచ్చినట్టే వచ్చింది, నేనూ రానిచ్చాను. చిన్నాయన అంతా విని, బడి నిలబడిందన్న మాటకు తల మాత్రం ఊపి, నడుమ ఆపినావా అని అడిగాడు. ఆపినాను, ఆయప్పకు గూడా బెల్లం పెట్టినాను అన్నాను. ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. దగ్గు వచ్చేదాకా నవ్వి, కళ్లు తుడుచుకుని, రాత్రికి ఈడే తిను పాపా అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడమంటే అదే.

ఏడాదిన్నరకు తారు రోడ్డు పడింది. ఆళ్లగడ్డ నుంచి వాగొడ్డుపల్లెకు బస్సు వేశారు. ఇక గుర్రంతో నాకు పని లేదు. అయినా మొదటి బస్సు వచ్చే రోజున నేను బిజిలి మీదే పోయాను, దాని రోడ్డు అది అనుకుని. సగం దూరం పోయేసరికి వెనక నుంచి బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఒకసారి కాదు, ఆపకుండా కొట్టింది. రోడ్డుకు రెండు పక్కలా ఇంకా కంకర కుప్పలు తీయలేదు, తప్పుకునే జాగా లేదు. బిజిలి చెవులు కదిలాయి, నడక మారలేదు. నా గుండె గొంతులోకి రాలేదు. అది నేను గమనించి ఆశ్చర్యపోయాను. ఇంతలో హారన్ ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే ముందు సీట్లో, కొత్త తెల్లచొక్కా వేసుకుని, దస్తగిరి చిన్నాయన. డ్రైవరు చేయి పట్టుకుని ఉన్నాడు. కిటికీలోంచి ఆయన మాట నాకు వినిపించింది.

"యాడికప్పా అంత తొందర? ముందర టీచరమ్మ పోతాంది, కనపళ్లేదా?"

కంకర కుప్పలు అయిపోయేదాకా, దాదాపు కిలోమీటరు, బస్సు నా వెనక నడిచింది. ఊరు దగ్గరపడ్డాక జనం ఎదురొచ్చి చప్పట్లు కొట్టారు. బస్సుకో, గుర్రానికో నాకు తెలియదు, రెండూ నాకే అనుకున్నాను. ఇప్పుడు నంద్యాలలో హెడ్మాస్టరుగా పని చేస్తున్నాను. ఆటోలూ ట్రాక్టర్లూ తెరిపి లేని రోడ్డు మీద రోజూ నడుస్తాను. వెనక నుంచి హారన్ వినిపిస్తే పక్కకు తప్పుకుంటాను. దూకను.